నాలుగు మాత్రలు, ఏక్ దామ్

ముప్ఫై ఏళ్ళకి ఒక్క ఏడాది తక్కువగా మందుల కిటికీ వెనక నిలబడ్డాను. పదవీ విరమణ నాడు శాలువా కప్పి, మాట్లాడమన్నారు. నవ్వించే సంగతులు నాలుగు చెప్పి దిగిపోయాను. నిజానికి చెప్పాల్సిన సంగతి ఒకటే ఉండేది, దాన్ని దాటేశాను. ఇప్పుడు మా తెలుగు సంఘం వాళ్ళు, ఈ వృత్తిలోకి వచ్చే పిల్లల కోసం ఏదైనా రాయమన్నారు. ఈసారి కూడా నవ్వించి తప్పించుకుంటానేమోనని నాకే భయంగా ఉంది. అందుకని ముందే చెప్పేస్తున్నాను: నేను ఒక మనిషి మందుని సగానికి బేరమాడాను.

బేరం నాకు పుట్టుకతో వచ్చింది. మా నాన్న ఇచ్ఛాపురం వైపు నుంచి హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊరికి వచ్చి, ఇక్కడి సాక్చి బజారులో చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలు అమ్మేవాడు. అటు పక్క కొట్టు మా పెదనాన్నది, ఇటు పక్కది మేనమామది. ఎదుటివాడు ఎంత చెప్పినా అందులో సగానికి మొదలెట్టాలన్నది మాకు పలకా బలపం కంటే ముందు వచ్చిన చదువు. బజారులో అప్పటికే కొన్ని దుకాణాల వాళ్ళు ‘ఏక్ దామ్’ అని బోర్డు పెట్టడం మొదలెట్టారు. ఒకటే ధర, బేరం లేదని అర్థం. ఆ బోర్డు చూస్తే నాన్నకి ఒళ్ళు మండేది. “మాట్లాడ్డం ఇష్టం లేనోడికి కొట్టెందుకురా?” అనేవాడు. నేనూ అదే బాపతు. నా పెళ్ళికి పురోహితుడితో ముహూర్తం అరగంట ముందుకి బేరమాడిన ఘనుణ్ణి.

ఇలాంటివాణ్ణి ఫార్మసీ డిప్లొమా చదివి, ఒక ట్రస్టు నడిపే చిన్న ఆసుపత్రిలో మందులిచ్చే పనికి కుదిరాను. అక్కడ కిటికీకి ఇవతల నేను, అవతల రోగులు. అదీ కొట్టే అనిపించింది నాకు. డాక్టరు దగ్గు మందు మూడు పూటలని రాస్తే, “మధ్యాహ్నం డ్యూటీలో ఉంటావు కదా, రెండు పూటలే తాగు” అనేవాణ్ణి. పది రోజుల పథ్యాన్ని వారానికి దింపేవాణ్ణి. అవన్నీ వాటంతటవే తగ్గే జబ్బులు. తగ్గించిన పేరు మాత్రం నాకొచ్చేది. బిష్టుపూర్‌లో ఆటో ఎక్కి మరీ నా కిటికీ దగ్గరికి సలహా కోసం వచ్చినవాళ్ళున్నారు. రాంచీ వైపు నుంచి వచ్చిన పెద్ద నర్సు ఒకావిడ ఉండేది. నన్ను ‘ఖిడ్కీ డాక్టర్’ అని పిలిచేది. కిటికీ డాక్టరన్న మాట. వెక్కిరింపని తెలుసు. అయినా చెవికి తియ్యగా ఉండేది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో మా ఆసుపత్రికి ఇమాటినిబ్ అనే మందు రావడం మొదలైంది. రక్త కేన్సర్లలో నెమ్మదిగా పెరిగే ఒక రకానికి అది నోటితో మింగే మందు. అంతకుముందు ఆ జబ్బు వచ్చినవాళ్ళు నా కిటికీకి ఓ నాలుగైదేళ్ళు వచ్చేవారు. తర్వాత వచ్చేవారు కాదు. ఈ మందు వచ్చాక రావడం మానలేదు. కలకత్తా నుంచి వారానికోసారి రైల్లో వచ్చే డాక్టరమ్మ, బెంగాలీ ఆవిడ, రక్త వ్యాధులు చూసేది. కొందరు రోగులకి ఆ మందు ఉచితంగా వచ్చే ఏర్పాటు ఉండేది. మూడు నెలలకోసారి డాక్టరమ్మ ‘మందు పనిచేస్తోంది’ అని రాసి పంపాలి. అప్పుడే తర్వాతి డబ్బాలు వస్తాయి. పనిచేయడం లేదని రాస్తే అక్కడితో ఆఖరు.

అలా మందు మొదలెట్టినవాళ్ళలో ఒక క్రేన్ డ్రైవరు ఉన్నాడు. కద్మాలో ఉండే మన తెలుగువాడే, నలభై దాటిన మనిషి. ఇనుము కరిగించే షెడ్డులో, కప్పు కింద పట్టాల మీద నడిచే క్రేను ఆయనది. ఎడమ డొక్కలో బరువుగా ఉందని వచ్చాడు. రక్తం పరీక్ష చేస్తే తెల్ల కణాలు ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉన్నాయి. ఆయన భార్య నన్ను మొదటి రోజే “అన్నియ్యా” అంది. దాంతో ఆయనకి నేను బావనైపోయాను. ఇక వేళాకోళానికి హద్దు లేదు.

వంద మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు, రోజుకోసారి, అన్నం తిన్నాక, పెద్ద గ్లాసుడు నీళ్ళతో. అదీ డాక్టరమ్మ రాసింది. నెల తిరిగేసరికి రక్తం నార్మల్‌కి వచ్చింది. డొక్కలో బరువు పోయింది. ఆయన కిటికీ దగ్గరికి వచ్చి, “బావా, నీ చెయ్యి మంచిది” అన్నాడు. మాత్రలు అందించడం తప్ప నా చెయ్యి చేసిందేమీ లేదు. అయినా కాదనలేదు.

మూడో నెలలో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వచ్చారు. ఆయన కళ్ళ కింద తిత్తులు కట్టినట్టు వాచి ఉన్నాయి.

“నా మొకం సూడు బావా. షిఫ్టులో అందరూ ఎంత తాగినావురా అని అడగతన్నారు. సుక్క ముట్టుకోలేదు. పేరు మాత్రం వచ్చీసింది.”

“పేరొచ్చీసింది కదా, ఇంక తాగీ” అన్నాను.

“సాల్లే అన్నియ్యా, ఈయనకి నువ్వొకడివి తోడు” అంది ఆవిడ. “పిక్కలు పట్టీసి కేకలేత్తన్నారు. మొన్న క్రేను నిచ్చెన సగంలో పట్టీసిందట. అక్కడినుంచి పడితే ఏటైపోద్ది?”

“డాక్టరమ్మకి సెప్పినావా?” అని ఆయన్ని అడిగాను.

“సెప్తే మందాపీత్తాదేమోనని బయమేత్తంది” అన్నాడాయన. ఆ మాట మాత్రం నవ్వకుండా అన్నాడు.

పిల్లలూ, ఇక్కడ నేను చేయాల్సింది ఎంత చిన్న పనో చూడండి. నడవాకి అవతల గదిలో డాక్టరమ్మ ఉంది. ఇరవై అడుగులు. వాపుకీ, పిక్కలు పట్టడానికీ ఆవిడ దగ్గర మందులున్నాయి. ఆ మందు తింటే అవి మామూలేనని ఆవిడకి తెలుసు. “రండి, నేనూ వస్తాను” అంటే సరిపోయేది. కానీ ఆయన డాక్టరమ్మని వదిలి నా దగ్గరికి వచ్చాడు. అది నాకు కిరీటంలా ఉంది. ఇంకోటి, అంతకు కొన్ని వారాల ముందు వేరే రోగికి రక్త కణాలు మరీ పడిపోతే డాక్టరమ్మే రెండు వారాలు మందు ఆపించింది. ఎందుకాపిందో నేను అడగలేదు. ఈ సరుకు ధర దిగుతుందన్నమాట అని మాత్రం మనసులో పెట్టుకున్నాను.

“రెండేసి ఏసుకో బావా” అన్నాను.

“అలగ తగ్గించొచ్చేటి?”

“రక్తం నార్మలొచ్చీసింది కదా, ఇంకేటి? పైనోళ్ళు ఎప్పుడూ ఎక్కువే సెప్తారు. రెండని రాత్తే నువ్వొకటే మింగుతావని నాలుగు రాత్తారు. మిగిలినవి పారీకు. డబ్బాలో దాసుకో.”

“అన్నియ్య సెప్పినాడంటే సరే” అంది ఆవిడ. మొహం తేలికపడింది. నాకెంత గర్వంగా ఉందో ఇప్పుడు రాయడానికి చెయ్యి రావడం లేదు.

తర్వాత మూడు నెలలూ అందరం సుఖంగా ఉన్నాం. వాపు దిగింది. పిక్కలు పట్టడం ఆగింది. ఆయన నిచ్చెన చకచకా ఎక్కుతున్నానని చెప్పాడు. మొదటి రెండు నెలలూ రక్తం బాగానే ఉంది. మూడో నెల రిపోర్టు నా కిటికీ మీదుగానే లోపలికి వెళ్ళింది. తెల్ల కణాలు మళ్ళీ పెరిగాయి. జలుబేదైనా చేసిందేమో అనుకున్నాను. ఆ మాట నేను నిజంగా నమ్మలేదు. కాసేపు నమ్మినట్టు ఉండటానికి పనికొచ్చింది, అంతే.

డాక్టరమ్మ ఆయన్ని లోపలికి పిలిచింది. మందుల జాబితా పట్టుకుని నేనూ వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను.

“రోజూ నాలుగూ వేసుకుంటున్నారా?” అని హిందీలో అడిగింది.

ఆయన నావైపు చూడలేదు. చూడకూడదని మెడ బిగబట్టుకున్నట్టు తెలిసిపోయింది. “జీ మేడమ్. చారోఁ” అన్నాడు. నాలుగూ అని.

ఆవిడ డొక్క తడిమి చూసింది. పెన్ను తీసింది, రాయలేదు. “పూర్తి మోతాదు మింగుతూ కూడా పెరిగిందంటే, ఈ మందు మీకు పట్టడం మానేసినట్టు. వారం చూస్తాను. మళ్ళీ రక్తం చూసి ఇలాగే ఉంటే, పనిచేయడం లేదని రాయాలి. వేరే దారి వెతకాలి.” ఆ వేరే దారులేమిటో నాకు తెలుసు. నాలుగైదేళ్ళు వచ్చి, తర్వాత రాకపోయినవాళ్ళ దారులు అవి.

నేను జాబితా బల్ల మీద పెట్టి వచ్చేశాను.

బయట ఆయన కిటికీ దగ్గరికి వచ్చి, “నీ పేరు రానీనులే బావా. నౌకరీ పోతాది నీకు” అని గొణిగాడు. ఎవరి ప్రాణం పోతుందో తెలిసిన మనిషి నా ఉద్యోగం గురించి మాట్లాడుతున్నాడు. నేనేమన్నానో తెలుసా? “సరే, ఇయ్యాళ్టి నుంచి నాలుగూ ఏసుకో” అన్నాను. ఏమీ జరగనట్టు, కొత్త సలహా ఇచ్చినట్టు.

మూడో రోజు డాక్టరమ్మకి ఫోను చేశాను. నిజం చెబుదామనే చేశాను. ఆవిడ గొంతు వినగానే నాలో బజారువాడు లేచి కూర్చున్నాడు. “మేడమ్, ఆ క్రేన్ డ్రైవరు... పండగ రోజుల్లో ఒకటి రెండు రోజులు మానేశాడేమోనని అనుమానం” అన్నాను.

“ఒకటి రెండు రోజులకి ఇంత పెరగదు” అంది ఆవిడ. ఫోను పెట్టేసింది.

నిజాన్ని కూడా తగ్గించి ఇచ్చాను. తగ్గించిన నిజం ఎందుకూ పనికిరాలేదు.

వారం తిరిగింది. ఆ రోజు వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళేటప్పుడు ఆవిడ చేతిలో పాలపొడి డబ్బా ఒకటి ఉంది. నేను మళ్ళీ తలుపు దగ్గర నిలబడ్డాను. పెద్ద నర్సు కూడా ఉంది. రక్తం కొంచెం కూడా దిగలేదు. డాక్టరమ్మ ఉత్తరం రాసే కాగితం ముందుకి లాక్కుంది.

అప్పుడు ఆయన భార్య డబ్బా బల్ల మీద పెట్టి మూత తీసింది. డబ్బాలో సగానికి పైగా మాత్రలే. “మందాపీత్తారంట కదా మేడమ్” అంది, తనకొచ్చిన హిందీలో తెలుగు కలిపి. “ఇయ్యి మిగిలిపోనాయి. మాకెందుకు, ఇంకెవరికైనా పనికొత్తాయి కదా, తీసుకోండి.”

డాక్టరమ్మ మాత్రలు చేతిలోకి తీసుకుని చూసింది. “ఇన్ని ఎలా మిగిలాయి?”

“నేనే మర్సిపోయినాను మేడమ్, రోజూ రెండేసి...” అని ఆయన అందుకున్నాడు.

“మర్సిపోడవేటి?” అని ఆవిడ మొగుడి మీద విసుక్కుంది. “అన్నియ్యే కదా రెండు సాలన్నాడు.” నావైపు తిరిగి, సాక్ష్యం పలకమన్నట్టు, నమ్మకంగా చూసింది. అప్పటికీ ఆవిడకి నా మీద అనుమానం లేదు.

నేనే ముందు ఒప్పుకున్నానని రాయాలని ఉంది. ఆవిడ వాక్యం పూర్తయ్యేదాకా ఆగాను. ఇక దారి లేదని తేలాక, “అవును మేడమ్, నేనే చెప్పాను” అన్నాను. పెద్ద నర్సు తల దించుకుంది. ఆ తర్వాత ఎప్పుడూ నన్ను ఖిడ్కీ డాక్టర్ అని పిలవలేదు. ఆ పిలుపు పోయాక గానీ అది నాకెంత ఇష్టమో తెలియలేదు.

డాక్టరమ్మ అరిచి ఉంటే బాగుండేది. కాగితం పక్కకి తోసి, “ఈ మందు ఏం చేస్తుందో చెప్పండి” అంది.

“కేన్సర్ కణాల్ని... చంపుతుంది మేడమ్.”

“ఎలా?”

తెలియదు. ఇరవై ఏళ్ళకి పైగా మందులిచ్చినవాణ్ణి, ఏడాది నుంచి చేత్తో అందిస్తున్న మాత్ర ఏం చేస్తుందో తెలియదు. రోగి ముందు, రోగి భార్య ముందు, బడిలో పాఠం రానివాడిలా నిలబడ్డాను. ఆవిడ ముగ్గురికీ కలిపి చెప్పింది. ఎముకల మజ్జలో రెండు జన్యువుల ముక్కలు పొరపాటున అతుక్కుని ఒక చెడ్డ ప్రోటీన్‌ని పుట్టిస్తాయట. అది తెల్ల కణాలకి ‘పెరుగు, పెరుగు’ అని ఆగకుండా ఆజ్ఞ ఇస్తుంటుంది. ఆ ప్రోటీన్‌కి శక్తి అందే గుంట ఒకటుంటుంది. ఈ మందు వెళ్ళి సరిగ్గా ఆ గుంటలో కూర్చుంటుంది. కూర్చున్నంతసేపూ ఆజ్ఞ ఆగుతుంది. కూర్చోవడానికి రక్తంలో చాలినంత మందు రాత్రీ పగలూ ఉండాలి. రక్తం నార్మల్ అయిందంటే జబ్బు పోయిందని కాదు, అణిగిందని. మందు చాలకపోతే మిగిలిన కణాలు పెరుగుతాయి. వాటిలో కొన్ని ఆ గుంట ఆకారాన్నే మార్చేసుకుంటాయి. అప్పుడు నాలుగు కాదు, ఎనిమిది వేసినా మందుకి కూర్చునే చోటు దొరకదు.

నాకు అప్పటికీ సగమే ఎక్కింది. క్రేన్ డ్రైవరే నెమ్మదిగా తలెత్తాడు.

“అంటే బావా, పైకి లాగే స్విచ్చి అతుక్కుపోయిందనుకో. సెయ్యి తీసీసినా హుక్కు పైకి పోతానే ఉంటాది. స్విచ్చి బాగుసేసినోడు లేడు. ఈ మాత్ర బ్రేకు మీద పెట్టిన కాలు. అంతేనేటి మేడమ్?” అని, అదే ముక్క హిందీలో ఆవిడకి చెప్పాడు. ఆవిడ అవునంది. ఆయన మళ్ళీ నావైపు తిరిగాడు. “పది టన్నులు ఏలాడతన్నప్పుడు బ్రేకు సగం నొక్కితే బరువు సగంలో ఆగదు బావా. జారతాది. పైనున్నోడికి జారతన్నట్టు తెలీదు. కిందున్నోడికే తెలుత్తాది.”

కోపంగా అనలేదు. కొత్తగా పనిలో చేరినవాడికి చెప్పినట్టు చెప్పాడు.

“నాకు అబద్ధమెందుకు చెప్పారు?” అని డాక్టరమ్మ ఆయన్ని అడిగింది.

“ఈయన నౌకరీ పోతాదని మేడమ్.”

ఆవిడ నన్ను చూసింది. ఆ చూపు గురించి రాయను. ఉత్తరం మూడు నెలలు ఆపుతానని, అందాకా ఈ మిగిలిన మాత్రలతో నడిపి, చాలనివి అడిగి తెప్పిస్తానని అంది. వాపుకీ, పిక్కలకీ మందు రాసింది. నాలుగు మాత్రలు రాసి కింద గీత గీసి, చీటీ నా చేతికే ఇచ్చింది. “చార్ మత్‌లబ్ చార్” అంది. నాలుగంటే నాలుగు. నా మీద ఫిర్యాదు రాయలేదు. రాస్తే ఈ పాటికి శిక్ష అయిపోయేదని ఇప్పుడనిపిస్తుంది.

ఆ రోజు మాత్రల కవరు మీద పూటలు రాయబోయి, ఏమి తోచిందో, హిందీలో ‘ఏక్ దామ్’ అని రాశాను. నాన్న చూస్తే చెయ్యి విరిచేవాడు. క్రేన్ డ్రైవరు చదివి పగలబడి నవ్వాడు.

మూడు నెలలు ప్రతి రిపోర్టూ అందరికంటే ముందు నేనే విప్పాను. మొదటి నెల కదల్లేదు. రెండో నెల దిగింది. మూడో నెలకి నార్మల్ అయింది. మజ్జ పరీక్షలో మాత్రం, మొదట్లో ఎంత లోతుగా అణుగుతుందని డాక్టరమ్మ ఆశపడిందో అంత అణగలేదు. అయినా ‘పనిచేస్తోంది’ అని రాసింది. డబ్బాలు వచ్చాయి.

తర్వాత ప్రతి నెలా మా మధ్య అదే తంతు. ఆయన మోచేతులు కిటికీ మీద ఆనించి, “ఎంతకిత్తన్నావు బావా?” అనేవాడు.

“నాలుగు.”

“మూడుకి రాదేటి?”

“రాదు. ఏక్ దామ్.”

వరసలో ఉన్నవాళ్ళకి అర్థమయ్యేది కాదు. ఆయన ఎవరికీ చెప్పలేదు. భార్య కూడా అన్నియ్యా అనడం మానలేదు. కాకపోతే నేను చెప్పిన ప్రతి మాటకీ, “మేడమ్‌ని కూడా ఓపాలి అడుగుతాను, ఏటనుకోకు” అనేది. అనుకోవడానికి నాకేం హక్కుంది?

ఐదో ఏట మందు పట్టు తప్పింది. ఈసారి నాలుగూ మింగుతుండగానే. గుంట ఆకారం మారిందని పరీక్షలో తేలింది. అప్పటికి అదే తరహా మందు, మారిన గుంటలో కూడా కూర్చునేది, కొత్తగా ఒకటి వచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏమయ్యేదో. క్రేను మాత్రం దిగేశాడు. కింద గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు.

నేను డాక్టరమ్మ గదికి వెళ్ళాను. “మేడమ్, అప్పటి ఆ మూడు నెలల వల్లేనా?”

“చెప్పలేం.”

“నాలుగూ వేసుకున్నవాళ్ళకి కూడా ఇలా అవుతుంది కదా?”

“అవుతుంది.”

“అంటే నా వల్ల కాకపోవచ్చు కదా? సగానికి సగమైనా...”

ఆవిడ పెన్ను కింద పెట్టింది. “మీరు ఇంకా బేరమాడుతున్నారు” అంది. అంతకంటే దిగలేదు.

కొత్త మందు చీటీతో ఆయన కిటికీ దగ్గరికి వచ్చాడు. నీలం యూనిఫారం వదులైంది. కళ్ళ కింద తిత్తులు అలాగే ఉన్నాయి. చీటీ నా ముందుకి జరిపాడు.

“రోజుకొకటేనంట బావా” అన్నాడు. “ఈసారి నీకు తగ్గించడానికి ఏటీ లేదు.”

ఆయన నవ్వాడు. నన్ను నవ్వించడానికే అన్నాడని తెలుసు. నవ్వకపోతే ఆయన చిన్నబుచ్చుకుంటాడని నేనూ నవ్వాను. కవరు మీద మందు పేరు రాశాను, కింద అంకె వేశాను. ఒకటి. అది ఒకటిలా కనిపిస్తోందో లేదోనని దాని మీద మళ్ళీ దిద్దాను.